గోదాము నుంచి బోర్డు దాకా: సకాల ఉత్పత్తి చరిత్ర, తూర్పు హైదరాబాదు అనుభవం

9.1 పరిచయం

ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ రహదారి మీద ఘట్‌కేసర్ వైపు బయలుదేరితే బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటిన తరువాత పోచారం వస్తుంది. ఒకప్పుడు పొలాలు ఉన్న ఈ ఊళ్లో ఇవాళ పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాంగణాలు ఉన్నాయి. ఉప్పల్‌కు ఉత్తరాన నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. అక్కడ ఇప్పటికీ లేతులు తిరుగుతుంటాయి, ప్రెస్సుల చప్పుడు వినిపిస్తుంది, గేటు దగ్గర డీసీఎం వ్యాను సరుకు ఎక్కించుకుంటూ కనిపిస్తుంది. మీలో కొందరు ఈ షెడ్లలో పగలు పనిచేసి రాత్రి ఈ పుస్తకం చదువుతూ ఉండవచ్చు. ఈ భాగం ముఖ్యంగా మీ కోసమే.

గత భాగంలో మీరు సరుకు నిల్వల నియంత్రణ సూత్రాలు చదివారు. వాటిని తలకిందులు చేసిన ఒక ఆలోచన ఎక్కడ పుట్టింది, మన ప్రాంతానికి ఏ దారిన వచ్చింది, వచ్చాక ఎవరికి మేలు చేసింది, ఎవరి మీద భారం మోపింది అన్నది ఈ భాగంలో పరిశీలిద్దాం. దీనిని సకాల ఉత్పత్తి పద్ధతి అంటారు. కార్ఖానాలో అందరూ జస్ట్ ఇన్ టైమ్ అనే అంటారు. దాని విస్తృత రూపానికి లీన్ అని పేరు.

9.2 నిల్వ అంటే బలం అనుకున్న కాలం

మన ఇళ్లలో గాదె నిండుగా ఉండటం సంపదకు గుర్తు. కరువు ఏ ఏడాది వస్తుందో తెలియని రైతు పాతరలో ధాన్యం దాచుకోవడం తెలివైన పనే. స్వాతంత్ర్యం తరువాత మన కార్ఖానాలు కూడా దాదాపు ఇదే తర్కంతో నడిచాయి. ఉక్కు కోటా ప్రకారం దొరికేది. దిగుమతికి లైసెన్సు కావాలి. లైసెన్సు ఎప్పుడు చేతికి వస్తుందో చెప్పలేని పరిస్థితిలో, వచ్చిన రోజున వీలైనంత కొని పెట్టుకోవడమే క్షేమం. స్టోర్స్ అధికారి సమర్థతను అతడి దగ్గర ఏది అడిగినా ఉంటుందా లేదా అన్న దానితోనే కొలిచేవారు.

తూర్పు హైదరాబాదు పరిశ్రమ ఈ వాతావరణంలోనే పెరిగింది. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ఏర్పడింది. 1971లో అణు ఇంధన సముదాయం, ఎన్‌ఎఫ్‌సీ, వచ్చింది. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ స్థాపన జరిగింది. పెద్ద ప్రభుత్వ రంగ సంస్థల చుట్టూ చిన్న అనుబంధ యూనిట్లు మొలిచాయి. పెద్ద సంస్థ డ్రాయింగు ఇస్తుంది, చిన్న షెడ్డు భాగాన్ని తయారుచేసి పంపుతుంది. జాబ్ వర్క్ అని మీరు రోజూ వినే మాట వెనుక ఉన్న సంబంధం ఇదే.

నిల్వ పేరుకుపోతే డబ్బు అందులో ఇరుక్కుపోతుందని గుర్తించినది కార్ఖానాల కంటే ముందు బ్యాంకులు. 1974లో రిజర్వు బ్యాంకు ప్రకాశ్ టాండన్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. మరుసటి ఏడాది వచ్చిన నివేదిక పరిశ్రమల వారీగా ఎన్ని రోజుల నిల్వకు బ్యాంకు అప్పు ఇవ్వవచ్చో పరిమితులు సూచించింది. నిర్వహణ మూలధనం పాఠంలో టాండన్ కమిటీ పేరు మీకు పరీక్ష ప్రశ్నగా పరిచయమై ఉంటుంది. చరిత్రగా చూస్తే దాని ప్రాముఖ్యం వేరు. ఎక్కువ నిల్వ జాగ్రత్తకు గుర్తు కాకపోవచ్చు, లోపానికి గుర్తు కావచ్చు అన్న అనుమానాన్ని మన దేశంలో అది అధికారికంగా కాగితం మీద పెట్టింది. అయితే కమిటీ ఎంత నిల్వ ఉండాలి అని అడిగింది. అసలు ఎందుకు ఉండాలి అని అడిగినవారు జపానులో ఉన్నారు.

9.3 కొరోమో నుంచి వచ్చిన ప్రశ్న

టొయోటా కథ మగ్గంతో మొదలవుతుంది. సకిచి టొయోడా 1924లో రూపొందించిన స్వయంచాలక మగ్గం దారం తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోయేది. పోచంపల్లి, గద్వాల వంటి చేనేత ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థులకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. తెగిన దారంతో మగ్గం నడుస్తూ పోతే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుంది. లోపం కనిపించిన చోటే పని ఆగాలి అన్న సూత్రం అక్కడి నుంచి వచ్చింది.

సకిచి కుమారుడు కీచిరో 1937లో కార్ల సంస్థను స్థాపించారు. మరుసటి ఏడాది ప్రారంభమైన కొరోమో కార్ఖానాలో, కావలసినది కావలసినప్పుడే రావాలి అన్న ఆలోచనకు జస్ట్ ఇన్ టైమ్ అని పేరు పెట్టింది ఆయనే. యుద్ధం వల్ల అది సాగలేదు. యుద్ధం తరువాత సంస్థ దాదాపు దివాలా అంచుకు చేరింది. 1950లో అమ్ముడుపోని వాహనాలు, బ్యాంకుల ఒత్తిడి, కార్మికుల సమ్మె కలిసి వచ్చాయి. చాలామంది కార్మికులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కీచిరో కూడా పదవికి రాజీనామా చేశారు. ఈ సంగతిని పాఠ్యపుస్తకాలు తరచు ఒక వాక్యంలో దాటేస్తాయి. సకాల ఉత్పత్తి విజయోత్సాహంలో పుట్టలేదు. గోదాములో సరుకు ఉన్నా గల్లాలో డబ్బు లేని సంస్థ భయంలో పుట్టింది.

తాయిచి ఓనో ఆ సంస్థలో యంత్ర విభాగం చూసేవారు. అమెరికాలో సూపర్ మార్కెట్లు నడిచే తీరు గురించి విని ఆయన ఆసక్తి పెంచుకున్నారు. 1956లో అక్కడికి వెళ్లి స్వయంగా చూశారు. కొనేవాడు తనకు కావలసినంతే తీసుకుంటాడు, అర ఖాళీ అయిన మేరకే దుకాణం మళ్లీ నింపుతుంది. కార్ఖానాలో కూడా తరువాతి విభాగం కొనేవాడు, ముందటి విభాగం దుకాణం అనుకుంటే ఏమవుతుంది? ముందటి విభాగం తన ఇష్టానికి తయారుచేసి తోసేయడం ఆగిపోతుంది. తరువాతి విభాగం తీసుకున్నంతే తిరిగి తయారవుతుంది. ఎంత తీసుకున్నారో చెప్పడానికి ఒక చీటీ. దానినే కాన్‌బాన్ అన్నారు. ఆ మాటకు జపాను భాషలో సూచిక పలక అని అర్థం. 1962 నాటికి ఈ చీటీ పద్ధతి సంస్థ అంతటా వ్యాపించింది.

మీ స్టోర్స్‌లో ఉండే బిన్ కార్డుకూ దీనికీ తేడా గమనించండి. బిన్ కార్డు ఎంత ఉందో చెబుతుంది. కాన్‌బాన్ చీటీ ఇక తయారుచేయి అని అనుమతి ఇస్తుంది. చీటీ లేకుంటే, కార్మికుడు ఖాళీగా ఉన్నా, యంత్రం ఖాళీగా ఉన్నా, ముక్క తయారుకాకూడదు. మన సూపర్‌వైజర్లలో చాలామందికి మింగుడుపడని నియమం ఇది. యంత్రం ఖాళీగా ఉంటే నష్టం అని మనకు నేర్పారు. ఎవరూ అడగని సరుకు తయారుచేయడం అంతకంటే పెద్ద నష్టం అని ఓనో వాదించారు. ఆయన గుర్తించిన ఏడు రకాల వృథాలలో అధికోత్పత్తినే అన్నిటికంటే చెడ్డదిగా లెక్కించారు. మిగతా వృథాలను అది కప్పిపెడుతుంది కనుక.

9.4 ఫార్ములాలో మారినది ఏమిటి?

మీరు గత భాగంలో మితవ్యయ ఆర్డరు పరిమాణం లెక్క చేశారు. దానిని 1913లో ఫోర్డ్ విట్మన్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు ప్రచురించారు. సకాల పద్ధతి ఈ సూత్రాన్ని తప్పు పట్టిందని కొందరు రాస్తారు. అది సరికాదు. ఒక లెక్క చేసి చూద్దాం.

ఒక షెడ్డుకు ఏడాదికి 3,600 ముక్కలు కావాలి అనుకోండి. ప్రతిసారీ డై మార్చి బ్యాచ్ మొదలుపెట్టడానికి అయ్యే ఖర్చు రూ. 200. ఒక ముక్కను ఏడాది పాటు నిల్వ ఉంచే ఖర్చు రూ. 4. సూత్రం ప్రకారం 3,600ను 200తోనూ 2తోనూ గుణించి, 4తో భాగిస్తే 3,60,000. దాని వర్గమూలం 600. అంటే రెండు నెలలకు ఒక బ్యాచ్. సగటు నిల్వ 300 ముక్కలు. ఏడాదికి సెటప్ ఖర్చు రూ. 1,200, నిల్వ ఖర్చు రూ. 1,200, మొత్తం రూ. 2,400.

ఇప్పుడు డై మార్చే ఖర్చు రూ. 200 నుంచి రూ. 2కు పడిపోయిందని అనుకోండి. అదే సూత్రం ఇప్పుడు 60 ముక్కలు చాలు అంటుంది. దాదాపు ఆరు రోజులకు ఒక బ్యాచ్, సగటు నిల్వ 30, మొత్తం ఖర్చు రూ. 240. సూత్రం మారలేదు. మనం మార్చలేనిది అనుకుని ఇచ్చిన అంకె మారింది.

ఆ అంకెను నిజంగా మార్చి చూపినవారిలో షిగెయో షింగో ముఖ్యులు. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సు మీద డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేదని, దానిని ముందు 90 నిమిషాలకు, తరువాత మూడు నిమిషాలకు తెచ్చామని ఆయన రాశారు. ఇందులో ఖరీదైన యంత్రం పాత్ర తక్కువ. ప్రెస్సు ఆపకముందే చేయగల పనులన్నీ ముందే చేసిపెట్టుకోవడం, బోల్టు మొత్తం విప్పకుండా ఒక చుట్టుతో వదులయ్యేలా మార్చడం వంటివే ఎక్కువ. నాచారంలో ప్రెస్సు మీద పనిచేసే విద్యార్థి ఈ వాక్యం చదివి రేపు డై మార్చేటప్పుడు గడియారం చూస్తే, అందులో ఎంతసేపు పానా వెతకడానికే పోయిందో తేలుతుంది.

9.5 మన దగ్గరికి వచ్చిన దారులు

1973 చమురు సంక్షోభం తరువాత ప్రపంచం టొయోటా వైపు చూసింది. 1988లో జాన్ క్రాఫ్చిక్ ఈ పద్ధతికి లీన్ అని పేరు పెట్టారు. 1990లో వొమాక్, జోన్స్, రూస్ రాసిన గ్రంథంతో ఆ పేరు అంతటా పాకింది. మన దేశంలోకి మాత్రం పుస్తకాల కంటే ముందు వాహనాల ద్వారా వచ్చింది. 1983 చివర మారుతి కారు బయటికి వచ్చింది. అదే దశకంలో జపాను సంస్థల భాగస్వామ్యంతో నాలుగు తేలిక వాణిజ్య వాహనాల సంస్థలు మొదలయ్యాయి. వాటిలో ఒకటి మనది.

సనత్‌నగర్‌లోని హైదరాబాద్ ఆల్విన్ 1942 నుంచి ఉన్న సంస్థ. ఫ్రిజ్‌లు, డబుల్ డెక్కర్ బస్సులు, సీకో సహకారంతో చేతి గడియారాలు తయారుచేసింది. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ వాహనాల కార్ఖానా పెట్టింది. ఇక్కడ పద్ధతికి, పరిస్థితికి మధ్య పొంతన కుదరలేదని నా అభిప్రాయం. సకాల పద్ధతికి సరఫరాదారు పక్కనే ఉండాలి. విడిభాగాలు సముద్రం దాటి పెట్టెలలో వస్తుంటే, దారిలోనే వారాల కొద్దీ నిల్వ ఉంటుంది. దానికి తోడు 1985 తరువాత యెన్ విలువ బాగా పెరిగి దిగుమతి భాగాల ధర భారమైంది. 1989లో మహీంద్రా సంస్థ దానిని తన చేతిలోకి తీసుకుంది. జహీరాబాద్ కార్ఖానా మూతపడలేదు, మహీంద్రా కింద కొనసాగింది.

చిన్న పరిశ్రమలకు ఈ పాఠం ప్రభుత్వ పథకంగా వచ్చింది. 2009లో కేంద్రం లీన్ తయారీ పథకాన్ని ప్రయోగాత్మకంగా 100 చిన్న సముదాయాలలో ప్రారంభించింది. ఒకే రకం పని చేసే పదింటి వరకు యూనిట్లు కలిసి ఒక సముదాయంగా ఏర్పడితే, సలహాదారు రుసుములో 80 శాతం ప్రభుత్వం భరించేది. 2013లో దానిని 500 సముదాయాలకు విస్తరించారు. 2023 మార్చిలో కొత్త రూపంలో మళ్లీ ప్రారంభించారు. పన్నుల మార్పు కూడా తక్కువది కాదు. కేంద్ర అమ్మకం పన్ను తప్పించుకోవడానికే సంస్థలు ప్రతి రాష్ట్రంలో ఒక గోదాము పెట్టుకునేవి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ అవసరం పోయింది.

9.6 హైదరాబాదులో ఒక చిన్న బృందం

ఇక పోచారం ప్రాంగణాలలో పనిచేసేవారికి దగ్గరి విషయానికి వద్దాం. సాఫ్ట్‌వేర్ జట్ల గోడ మీద కాగితాలు అంటించిన కాన్‌బాన్ బోర్డు మీరు చూసే ఉంటారు. ఇప్పుడు అది కంప్యూటరు తెర మీద ఉంటుంది. ఆ బోర్డు వెనుక ఉన్న చరిత్రలో హైదరాబాదుకు ఒక స్థానం ఉంది. ఈ సంగతి హైదరాబాదులోనే చాలామందికి తెలియదు.

2004లో మైక్రోసాఫ్ట్ అంతర్గత సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు, చిన్న మార్పులు చేసే ఒక బృందం హైదరాబాదులో ఉండేది. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు పరీక్షకులు. పని అడిగేవారు అమెరికాలోని వేర్వేరు వ్యాపార విభాగాలవారు. వరుసలో 80కి పైగా అభ్యర్థనలు పేరుకుపోయి ఉండేవి. ఒకటి పూర్తి కావడానికి సగటున ఐదు నెలలు పట్టేది. బృందానికి చెడ్డపేరు వచ్చింది. ఆ మాటలు వింటూ పనిచేసిన ఆరుగురినీ ఒకసారి తలచుకోండి. వారు సోమరులు కాదు, రోజంతా పని చేస్తూనే ఉన్నారు.

డ్రాగోష్ డుమిత్రియు అనే మేనేజరు, ఆయనకు సలహా ఇచ్చిన డేవిడ్ ఆండర్సన్ అసలు కారణం వెతికారు. కొత్త అభ్యర్థన వచ్చిన ప్రతిసారీ దానికి ఎంత సమయం పడుతుందో రెండు రోజులలో అంచనా వేసి చెప్పాలనే నియమం ఉండేది. చేతిలో ఉన్న పని ఆపి అంచనాలు వేయడానికే బృందం సామర్థ్యంలో దాదాపు మూడో వంతు పోయేది. అంచనా వేసిన వాటిలో చాలావరకు ఎప్పటికీ చేపట్టేవారే కాదు. ఎవరూ తీసుకోని సరుకు తయారుచేయడం గురించి ఓనో చెప్పినది మీకు గుర్తుకు రావాలి. ఇక్కడ ఆ సరుకు అంచనా కాగితం.

వారు అంచనాలు మాన్పించారు. వరుసలో నిలబడగల అభ్యర్థనల సంఖ్యకు పరిమితి పెట్టారు. ఒకటి పూర్తయి చోటు ఖాళీ అయినప్పుడే, తరువాత ఏది లోపలికి రావాలో వ్యాపార విభాగాలవారు కూర్చుని నిర్ణయించుకోవాలి. ఏడాది గడిచేసరికి ఒక్కో అభ్యర్థనకు పట్టే సగటు సమయం రెండు వారాలకు వచ్చింది. మూడు నెలలలో పూర్తయ్యే పనులు మూడు రెట్లకు పైగా పెరిగాయి. తరువాతి దశలో సిబ్బంది విషయంలో కొన్ని మార్పులు జరిగినా, తొలి మెరుగుదల మనుషులను పెంచకముందే వచ్చింది.

అప్పటికి ఆ పద్ధతికి కాన్‌బాన్ అన్న పేరు లేదు. ఎలియాహు గోల్డ్‌రాట్ సిద్ధాంతంలోని అవరోధ నిర్వహణగానే దానిని చూశారు. అందులో కాన్‌బాన్ సూత్రమే ఉందని తరువాత గుర్తించారు. గోడ మీది బోర్డు ఇంకా ఆ తరువాత వచ్చింది.

కార్ఖానాలో నిల్వ కంటికి కనిపిస్తుంది, కాలికి తగులుతుంది. ఆఫీసులో నిల్వ ఎక్కడా కనిపించదు. జవాబు ఇవ్వని మెయిళ్లు, సగం రాసిన ప్రోగ్రాములు, సంతకం కోసం ఆగిన ఫైళ్లు. వాటికి రంగు కాగితం ఇచ్చి గోడకు అంటించడమే బోర్డు చేసిన మేలు. అయితే పరిమితి అంకె లేకుండా కాగితాలు మాత్రమే అంటిస్తే అది కాన్‌బాన్ కాదు, నోటీసు బోర్డు.

9.7 నిల్వ నిజంగా తగ్గిందా, చేతులు మారిందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోండి. చర్లపల్లిలో ఒక షెడ్డు ఒక పెద్ద సంస్థకు రోజుకు రూ. 20,000 విలువైన బుష్‌లు పంపుతుంది. పెద్ద సంస్థ తాను సకాల పద్ధతిలోకి మారానని, ఇకపై రోజూ ఉదయం ఎనిమిదికి సరుకు గేటు దగ్గర ఉండాలని చెబుతుంది. ఆలస్యమైతే జరిమానా. షెడ్డు యజమాని ఏం చేస్తాడు? తన డై మార్చే సమయం తగ్గలేదు, కరెంటు కోతల భయం ఉంది. జరిమానాకు భయపడి పది రోజుల సరుకు ముందే చేసి తన దగ్గర పెట్టుకుంటాడు. అంటే రూ. 2 లక్షల నిల్వ. సంస్థ గోదాము ఖాళీ అయింది, షెడ్డు నిండింది.

దీనికి బిల్లు ఆలస్యం తోడైతే? 90 రోజులకు డబ్బు వస్తే రూ. 18 లక్షలు బయట ఉంటాయి. మొత్తం రూ. 20 లక్షలకు 12 శాతం వడ్డీ అంటే ఏడాదికి రూ. 2,40,000, నెలకు రూ. 20,000. అది ఒక కార్మికుడి జీతం కావచ్చు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చిన్న సరఫరాదారుకు 45 రోజులలోపు చెల్లించాలని, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని చెబుతుంది. మన ఉదాహరణలో 45 రోజులు పాటిస్తే రూ. 9 లక్షలు ముందే చేతికి వచ్చి, ఏడాదికి రూ. 1,08,000 వడ్డీ మిగులుతుంది. కాని రేపటి ఆర్డరు అదే సంస్థ ఇవ్వాలి. అందుకే ఫిర్యాదు చేయడానికి చాలామంది వెనుకాడతారు. సరుకుకు సకాలం వర్తించి డబ్బుకు వర్తించకపోతే, దానిని సకాల పద్ధతి అనడం నాకు సమ్మతం కాదు.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దారిన సరుకు పంపేవారికి అరగంట ప్రయాణం ఒక్కో రోజు ఎంత అవుతుందో చెప్పనవసరం లేదు. అలాంటి చోట ఒక పూట నిల్వ ఉంచుకున్నవాడిని తప్పు పట్టలేం.

టొయోటా కూడా ఈ దెబ్బ తిన్నది. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సంస్థ కరియా కార్ఖానాలో మంటలు లేచాయి. బ్రేకులలో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు పూర్తిగా అక్కడి నుంచే వచ్చేది. చేతిలో నిల్వ లేకపోవడంతో టొయోటా కార్ఖానాలు ఆగిపోయాయి. అప్పుడు ఆదుకున్నది సరఫరాదారులే. కుట్టుమిషన్లు తయారుచేసే సంస్థతో సహా దాదాపు 200 సంస్థలు ఆ వాల్వు తయారీకి పూనుకున్నాయి. వారం తిరిగేలోగా కార్లు మళ్లీ బయటికి రావడం మొదలైంది. ధర ఎంత, ఎవరు ఇస్తారు అన్న బేరం కుదుర్చుకోకుండానే చాలామంది పని మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి సరిగా డబ్బు అందుకున్నవారు కనుకనే అలా చేయగలిగారని గమనించండి.

2011 భూకంపం తరువాత టొయోటా మరో మెట్టు దిగింది. కంప్యూటరు చిప్‌లను రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కొరతతో కార్ఖానాలు ఆగుతుంటే, ఆ సంస్థ మొదట్లో తట్టుకుని నిలబడింది. సకాల పద్ధతికి పుట్టిల్లు అయిన సంస్థే గాదె కట్టుకుంది, తనకు ఏది దొరకదో దానికి మాత్రమే.

2020లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన గ్రిడ్ విధానం ఐటీని నగరం తూర్పు వైపుకు కూడా విస్తరించాలని చూసింది. ఉప్పల్, నాచారం పారిశ్రామిక స్థలాలు కొన్ని ఐటీ భవనాలుగా మారే దారి తెరిచింది. షెడ్లు నగరానికి దూరం జరిగితే వాటి సరఫరా దూరాలు కూడా పెరుగుతాయి.

9.8 క్షేత్ర అభ్యాసం

మీకు అందుబాటులో ఉన్న ఒక షెడ్డును గాని, మీరు పనిచేసే ఆఫీసును గాని ఎంచుకోండి. యజమాని అనుమతితో ఒకే ఒక్క వస్తువును, లేదా ఒకే ఒక్క ఫైలును, లోపలికి వచ్చిన క్షణం నుంచి బయటికి వెళ్లే దాకా అనుసరించండి. దాని మీద చేతులు పనిచేసిన నిమిషాలు ఒక నిలువు వరుసలో, అది ఊరికే ఆగి ఉన్న నిమిషాలు మరో వరుసలో రాయండి. షెడ్డు అయితే, బిల్లు తేదీకి, డబ్బు చేతికి వచ్చిన తేదీకి మధ్య రోజులు మూడో వరుసలో చేర్చండి. ఆ కాగితాన్ని తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.